బీరువా సంగతి తర్వాత, ముందు మీ దండెం చూడండి

మీరు రాసింది మూడుసార్లు చదివానమ్మా. వయసు 43. పదకొండేళ్లు ఇంటిపట్టున ఉండి, ఈ జూన్ నుంచి మళ్లీ హైదరాబాదులో ఆఫీసుకు వెళ్తున్నారు. బీరువాలో 80కి పైగా చీరలు, పాతిక దాకా కుర్తాలు ఉన్నాయి. అయినా పొద్దున ఏడున్నరకి బీరువా తలుపు తీసి నిలబడితే టెన్షన్. తిప్పి తిప్పి ఆ నాలుగే వేసుకుంటున్నారు. "నాకంటూ ఒక స్టైల్ ఎలా వస్తుంది? ఇవన్నీ తీసేసి కొత్తవి కొనుక్కోమంటారా?" అని అడిగారు.

వద్దు. రెండు నెలల పాటు ఒక్క చీర గానీ, కుర్తా గానీ కొనకండి.

గుంటూరులో 27 ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. "కట్టుకోవడానికి ఏమీ లేవండీ" అంటూ నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి చీరల కొరత లేదు. ఉన్నది జాకెట్ల కొరత. చీర ఐదున్నర మీటర్ల గుడ్డ, దానికి సైజంటూ లేదు. పెళ్లిలో పెట్టిన చీర అరవయ్యో ఏట కూడా ఒంటికి వస్తుంది. జాకెట్టు మాత్రం ఏడాదికే బిగుసుకుంటుంది. ఇద్దరు పిల్లల కాన్పులయ్యాక, థైరాయిడ్ మందులు వాడాక ఒళ్లు మారిందని మీరే రాశారు. మారింది ఒళ్లు, మారనిది జాకెట్లు. అందుకే ఆ 80 చీరల్లో జాకెట్టు సరిపోయేవి ఏ పదో ఉంటాయి. ఆ పదిలోంచే నాలుగు తిప్పుతున్నారు.

ఇంకో సంగతి చెబుతాను, ఇది మా వృత్తిలోనే ఉన్న లోపం. మనమందరం టైలరుకి ఆది జాకెట్టు ఇచ్చి "ఇదే కొలతకు కుట్టండి" అంటాం. ఆ ఆది జాకెట్టు ఎప్పటిది? ఏడెనిమిదేళ్ల కిందటిది. అందులోనే చంక దగ్గర పట్టేస్తుంటే, దాన్ని చూసి కుట్టిన పన్నెండింటిలోనూ చంక పట్టేస్తుంది. ఒక్క తప్పు పన్నెండుసార్లు డబ్బిచ్చి కుట్టించుకున్నట్టు. నేను కూడా మొదటి పదేళ్లు ఇలాగే కుట్టాను. ఇప్పుడు ఆది జాకెట్టు తెచ్చినా సరే, టేపు పట్టుకుని మనిషికి కొలతలు తీసుకోనిదే గుడ్డకు కత్తెర పెట్టను.

కాబట్టి మొదటి పని ఇది. ఒక ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టండి, రెండు మూడు గంటలు పడుతుంది. జాకెట్లన్నీ మంచం మీద పోసి ఒక్కొక్కటీ వేసుకుని చూడండి. అద్దం ముందు ఊరికే నిలబడితే తెలియదు. రెండు చేతులూ పైకెత్తి అటక మీద డబ్బా అందుకున్నట్టు చేయండి. తర్వాత ముందుకు చాచి స్కూటీ హ్యాండిల్ పట్టుకున్నట్టు చేయండి. కింద పట్టీ పైకి లేచిపోతే చెస్ట్ చాలలేదు. వీపు మధ్యలో అడ్డంగా ముడతలు పడితే వీపు చాలలేదు. చెయ్యి దగ్గర రబ్బరుబ్యాండు వేసినట్టు గుర్తు పడితే చెయ్యి లూజు చాలలేదు. ఏది ఎక్కడ పట్టిందో చిన్న కాగితం మీద రాసి ఆ జాకెట్టుకే పిన్ను పెట్టేయండి.

తర్వాత బిగుతైన ప్రతి జాకెట్టునూ లోపలి వైపు తిప్పండి. మంచి టైలరైతే పక్క కుట్ల దగ్గర ఒక్కో వైపు అంగుళం దాకా గుడ్డ మడిచి వదులుతారు, అందులో రెండు మూడు కుట్లు వరసగా కనిపిస్తాయి. ఒక కుట్టు విప్పితే కొంత, రెండోది విప్పితే ఇంకొంత లూజవుతుంది. లైనింగ్ ఉన్నదైతే పైగుడ్డలోనూ లైనింగులోనూ, రెండింట్లోనూ గుడ్డ ఉందో లేదో చూసుకోవాలి. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోతే పని జరగదు. లోపల అసలు గుడ్డే లేకపోతే చంక కింద చిన్న ముక్క వేసి కాపాడవచ్చు. చెయ్యి కిందికి దించితే అది ఎవరికీ కనిపించదు. పాత కుట్టు విప్పినచోట గుడ్డ కొంచెం ముదురు రంగులో గీతలా తేలుతుంది. ఉతికే కొద్దీ ఆ తేడా కొంత తగ్గుతుంది. పట్టు గుడ్డ మీద మాత్రం సూది చిల్లులు ఉండిపోతాయి, అదొక్కటి ముందే తెలుసుకోండి.

మూడేళ్ల కిందట ఒక స్కూలు టీచరు 31 జాకెట్లు ఇలాగే చీటీలు పెట్టి పెద్ద సంచీలో తెచ్చింది. 19 విప్పి లూజు చేశాను. నాలుగింటికి చంక కింద ముక్కలు వేశాను. మిగిలినవి ఎందుకూ పనికిరావని చెప్పేశాను. అన్నీ తీసుకెళ్లిన వారానికి ఫోన్ చేసి, "ఆంటీ, ఇరవై చీరలు కొత్తగా కొన్నట్టుంది" అంది. ఖర్చయింది ఒక మామూలు చీర ధర. ఆ మాట అన్నప్పుడు ఆ పిల్ల గొంతులో సంతోషం నాకింకా గుర్తుంది. మీకూ అదే కావాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. "నాకంటూ ఒక స్టైల్ లేదు" అన్నారు. ఉందమ్మా. బీరువాలో వెతుకుతున్నారు కాబట్టి కనిపించడం లేదు. బీరువాలో ఉన్నవి సగం ఇతరులు పెట్టినవి, సగం షాపు లైట్ల కింద మోజుపడి కొన్నవి. మీకు నిజంగా ఏది ఇష్టమో మీ దండెం మీద ఆరుతున్న బట్టలు చెబుతాయి. మీరు తిప్పి తిప్పి వేసుకునే నాలుగూ రాశారు కదా: నేరేడుపండు రంగు మంగళగిరి, బూడిద రంగు లినెన్, అమ్మగారి పాత వెంకటగిరి, నీలిమందు అద్దకం కుర్తా. వీటిని పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగింట్లో ఒక్కటీ మెరవదు. రాళ్లు, చమ్కీలు లేవు. నాలుగూ నూలో, లినెనో. సింథటిక్ ఒక్కటీ లేదు. ఉతికిన కొద్దీ మెత్తబడే రకాలు. అంచు ఉన్నా నాలుగు వేళ్లు మించదు. రంగులు లోతుగా, నెమ్మదిగా ఉండేవి. ఇంత స్పష్టంగా ఒక మనిషి అభిరుచి కనిపిస్తుంటే, స్టైల్ లేదని ఎలా అనుకున్నారు?

ఇదే మీ పునాది. ఇక మీదట ఏది చూసినా ఈ నాలుగింటి పక్కన పెడితే ఇముడుతుందా అని మిమ్మల్ని మీరే అడగండి. ఇమడకపోతే అది ఎంత బాగున్నా మీది కాదు, ఇంకెవరికో బాగుంటుంది.

అయితే ఎప్పటికీ ఆ నాలుగు దగ్గరే ఆగిపొమ్మని నేననడం లేదు. మారాలనుకున్నప్పుడు ఒకేసారి అన్నీ మారిస్తే ఒంటి మీద బట్ట పరాయిదిలా ఉంటుంది, రెండుసార్లు వేసుకుని లోపల పెట్టేస్తారు. అందుకని ఒక్కసారికి ఒక్కటి మార్చండి. చీర మీకు అలవాటైన నూలు రకమే ఉంచి రంగు మార్చండి. లేదా రంగు అదే ఉంచి నేత మార్చండి, నేరేడు మంగళగిరి ఇష్టమైతే నేరేడు నారాయణపేట. లేదా పాత చీరే కట్టి జాకెట్టు మెడ మార్చండి. ఇప్పటిదాకా గుండ్రటి మెడే కుట్టించుకుని ఉంటే ఒకటి బోట్ నెక్, వెనక చిన్న కాలరు పెట్టించి చూడండి. నెల రోజులు వాడి, మీ చెయ్యి దానంతట అదే అటు వెళ్తోందా లేదా గమనించండి. వెళ్తే ఇంకొకటి కుట్టించుకోండి.

చేతుల పొడవు గురించి చాలామంది పట్టించుకోరు, నాకైతే అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. చెయ్యి గుడ్డ ఎక్కడ ఆగితే చూపు అక్కడ ఆగుతుంది. భుజం కింద చెయ్యి బాగా లావుగా ఉన్నచోట సరిగ్గా అంచు వస్తే చెయ్యి ఇంకా లావుగా కనిపిస్తుంది. దానికి రెండు అంగుళాలు కిందికి, మోచేతికి కాస్త పైకి ఆపి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. ఆఫీసులో ఏసీ ఉంటుందన్నారు, మోచేతి దాకా ఉంటే చలికి కూడా మంచిది.

ప్రతి చీరకూ దానిదే జాకెట్టు ఉండాలన్న పట్టుదల కొంచెం సడలించండి. మీ రంగులకు నాలుగు జాకెట్లు కొత్తగా, మంచి కొలతతో కుట్టించుకుంటే 30 చీరల మీదకు వస్తాయి: నలుపు, మెరూన్, గంధం రంగు, ఒక కలంకారీ. పెడనలో అచ్చులతో అద్దే కలంకారీ గుడ్డ జాకెట్టుకు చాలా బాగుంటుంది. సాదా మంగళగిరి మీద అది వేస్తే వేరే అలంకారం అక్కర్లేదు. గుడ్డను, లైనింగును ముందు రోజు రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇవ్వండి. నూలు మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. నానబెట్టకుండా కుట్టిన జాకెట్టు మొదటిరోజు చక్కగా ఉండి రెండోసారికి పట్టేసిందంటే చాలాసార్లు కారణం ఇదే. అప్పుడు టైలరుకీ మనకీ గొడవ.

లోపలి లంగా సంగతి కూడా చెప్పేస్తాను. నూలు చీర కింద శాటిన్ లంగా వేస్తే కుచ్చిళ్లు జారతాయి. నూలు లంగానే వేయండి. సన్నటి నాడా బిగించి కట్టుకుంటే సాయంత్రానికి నడుం చుట్టూ గాటు పడుతుంది, రోజూ పది గంటలు కూర్చునేవాళ్లకు ఇంకా బాధ. రెండు అంగుళాల వెడల్పు పట్టీ వేయించి పక్కన హుక్కు పెట్టించుకోండి.

ఇక మిగతా చీరలు. వీటిలో చాలావరకు పెట్టుబడి చీరలేనని రాశారు. గృహప్రవేశానికి ఒకరు, ఒడిబియ్యానికి ఒకరు, పెళ్లికి ఇంకొకరు పెట్టినవి. ఎవరింట్లో చూసినా ఇదే. మనం కట్టం, పారేయలేం, ఫాల్ కూడా కుట్టించకుండా కవరులోనే ఉంటాయి. వాటి వల్ల అపరాధభావం పెట్టుకోకండి. పెట్టినవాళ్ల ప్రేమ ఆ రోజే మీకు అందింది. మడత విప్పనివి ఇష్టంగా కట్టుకునేవాళ్లకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఒక్కటి చూడండి: చిరిగినవి, మరకపడినవి ఎవరికీ ఇవ్వకండి. మనం కట్టుకోలేనిది వాళ్లకెందుకు? అవి ఇంట్లో తుడుపుగుడ్డలకు వాడుకోండి. అలాగే దగ్గరివాళ్లకు, అక్కాచెల్లెళ్లకు, వదినకు నోరు విప్పి చెప్పండి: "నాకు పెట్టాలనుకుంటే ఒక నూలు చీర పెట్టు, లేదా రెండు మంచి జాకెట్టు గుడ్డలు పెట్టు" అని. మొదట కొంచెం మొహమాటంగా ఉంటుంది. మా వదిన అయితే నేనలా చెప్పాక "హమ్మయ్య, ప్రతిసారీ ఏం కొనాలో తెలియక చచ్చిపోతున్నా" అంది.

పట్టుచీరల జోలికి తొందరపడి వెళ్లకండి. ఆఫీసుకు కట్టరు కదా అని తీసేసేవి కావు అవి. ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి పాత మెత్తటి నూలు పంచెలో చుట్టి పెట్టండి. మూడు నెలలకోసారి మడత మార్చండి, ఒకే మడత మీద ఏళ్లు ఉంటే జరీ అక్కడే తెగుతుంది. కలరా ఉండలు చీరకు తగలనివ్వకండి. వీధుల్లో "పాత పట్టుచీరలు కొంటాం" అని వచ్చేవాళ్లకు తొందరపడి ఇవ్వకండి. పాత చీరల్లో అసలైన జరీ అయితే వెండి తీగకు బంగారు పూత ఉంటుంది. దాని విలువ కనుక్కోకుండా ఇస్తే నష్టపోతారు. కట్టుకోలేనంతగా నలిగినదైతే అంచు, కొంగు విడదీసి మీ అమ్మాయికి లంగాగా కుట్టించవచ్చు.

రెండు నెలలయ్యాక కొనాలనిపిస్తే, అప్పుడు కొనండి, కానీ మీ దండెం గుర్తుపెట్టుకుని కొనండి. మీకు సరిపోతాయని నాకు అనిపించేవి చెబుతాను. మంగళగిరి మీకు తెలిసిందే. గట్టి నేత, ఒంట్లో డిజైన్ ఉండదు, అంచు మీద చిన్న గోపురాల వరస. రోజువారీకి అంతకన్నా నమ్మకమైనది లేదు. వెంకటగిరి దారం ఇంకా సన్నం. నూలు లెక్కలో నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. మంగళగిరిలో 80 నంబరు దారం ఎక్కువ, వెంకటగిరిలో 100. అందుకే అది గాలిలా ఉంటుంది, ఎండాకాలానికి హాయి. ఏసీలో మాత్రం మంగళగిరి మేలు. మీటింగు ఉన్న రోజుకి గద్వాల: నూలు ఒళ్లు, పట్టు అంచు, రెండూ మగ్గం మీదే కలిపి నేస్తారు. దూరం నుంచి పట్టుచీరలా హుందాగా ఉంటుంది, ఒంటికి నూలు తగులుతుంది. మీకున్న సాదా రంగుల మధ్య ఒక పోచంపల్లి ఇక్కత్ ఉంటే మిగతావి కూడా వెలుగుతాయి. డబ్బు కూడబెట్టుకుని ఒక్కటంటే ఒక్కటి పొందూరు ఖద్దరు కొనుక్కోండి. శ్రీకాకుళం జిల్లాలో ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి చేత్తో వడుకుతారు. ఆ గుడ్డ ముట్టుకుంటేనే తెలుస్తుంది.

ఇక్కత్ కొనేటప్పుడు తిరగేసి చూడండి. దారానికి ముడులు కట్టి రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి. వెనక వైపు వెలసినట్టు పాలిపోయి ఉంటే అది ప్రింటు. ప్రింటు కొనడం తప్పేం కాదు, నేత ధర పెట్టి ప్రింటు కొనడం తప్పు. ఆప్కో, తెలంగాణ చేనేత సహకార సంఘం షాపుల్లో అయితే ఈ బెంగ తక్కువ. బయట కొంటే చేనేత గుర్తు ఉన్న లేబుల్ అడగండి.

రంగు గురించి మీరు రాసిన ఒక్క మాట నన్ను బాధపెట్టింది. చామనఛాయ కాబట్టి పసుపు, ఆకుపచ్చ కట్టకూడదని చిన్నప్పటి నుంచీ విన్నారట. ఆ మాట ఎవరన్నా సరే, దాన్ని వదిలేయండి. చామనఛాయ మీద పండుపసుపు, ఆవపిండి రంగు, ఇటుక ఎరుపు, ముదురు ఆకుపచ్చ ఎంత బాగుంటాయో ఇన్నేళ్లుగా నా కళ్లతో చూస్తున్నాను. పౌడరు రంగులు, సున్నం కలిపినట్టు పాలిపోయిన గులాబీలు కొందరికి కళ తగ్గిస్తాయి, అవి తెల్లటివాళ్లకు కూడా తగ్గిస్తాయి. మీరే చూసుకోండి. పగటిపూట కిటికీ దగ్గర కూర్చుని, గుడ్డను మెడ దగ్గర పెట్టుకుని అద్దంలో మొహం మాత్రమే చూడండి, గుడ్డను కాదు. మొహం తేటగా కనిపిస్తే అది మీ రంగు. షాపులో కొనేటప్పుడు కూడా చీర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి వెలుతురులో చూడండి. వాళ్లేమీ అనుకోరు, మా అమ్మ తరం అందరూ అలాగే చూసేవారు.

కుర్తాల విషయంలో ఒక్కటే కొలత పట్టుకోండి, భుజం. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర కూర్చోవాలి. చెస్ట్ లూజైతే పక్కల పట్టించవచ్చు, పొడవైతే మడవవచ్చు, భుజం జారితే మొత్తం విప్పి మళ్లీ కుట్టాలి, ఆ డబ్బుకి కొత్తది వస్తుంది. ఆన్‌లైన్‌లో కొనేముందు మీకు బాగా కుదిరిన నీలిమందు కుర్తాను నేల మీద పరిచి చంక నుంచి చంకకు, భుజం నుంచి భుజానికి కొలిచి ఫోన్‌లో రాసిపెట్టుకోండి. ఎస్, ఎం, ఎల్ అక్షరాలను నమ్మకండి, ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. మీ దగ్గరున్న పాతికలో భుజం కుదిరినవి మాత్రమే ఉంచండి.

గంజి, ఇస్త్రీకి టైం లేక నూలు చీరలు తగ్గించానన్నారు. ప్రతి ఉతుక్కీ గంజి పెట్టక్కర్లేదు. పలచటి గంజి రెండు ఉతుకులకోసారి చాలు. నీడలో ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇద్దరు చెరో వైపు పట్టుకుని లాగి మడిస్తే సగం ఇస్త్రీ అయినట్టే. నెలకోసారి ఐదారు చీరలు కలిపి రోలింగుకి ఇచ్చేయండి. ఆదివారం రాత్రి ఐదు రోజుల చీరలు, జాకెట్లు, లంగాలు జతచేసి ఒకే అరలో పెట్టుకుంటే పొద్దున ఆలోచించే పని ఉండదు.

చివర్లో అమ్మగారి వెంకటగిరి మడతల దగ్గర చిరుగుతోందని రాశారు. దాన్ని ఇక రోజూ కట్టకండి. చిరుగు చిన్నదిగా ఉండగానే రఫూ చేయించండి, అంటే దారంతో అల్లి పూడ్పించండి. అదే రంగు దారం ఆ చీర కుచ్చిళ్ల లోపలి అంచు నుంచే తీయవచ్చు, చేసేవాళ్లకు ఆ మాట చెప్పండి. ఒళ్లు పూర్తిగా పోయిన రోజున కొంగు మాత్రం జాగ్రత్తగా తీసి జాకెట్టు కుట్టించుకోండి. గుడ్డ పలచగా ఉంటుంది కాబట్టి లోపల టూ బై టూ అనే సన్నటి గుడ్డతో లైనింగ్ వేయమనండి, కుట్లు దానికి పట్టేలా కుట్టమనండి. మీ నేరేడు మంగళగిరి మీదకు అది బాగుంటుంది.